పాయింట్ల మీద ఆగిపోతున్న చిన్న షంటింగ్ ఇంజిన్: లోపం పట్టాలోనా, చక్రాల్లోనా, డీకోడర్‌లోనా?

చిన్నయార్డు:

అందరికీ నమస్కారం. హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో, మోడల్ రైళ్ల కోసం ఒక చిన్న షంటింగ్ యార్డు (వ్యాగన్లను అటూ ఇటూ జరిపి వరుస మార్చే చోటు) కడుతున్నాను. పథకం నా సొంతం కాదు. ఆలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్‌నే తీసుకున్నాను. ఐదు వ్యాగన్లు పట్టే సైడింగ్ (వ్యాగన్లు నిలిపే పక్క పట్టా) ఒకటి, మూడేసి పట్టేవి రెండు, వాటిని కలిపే రెండు పాయింట్లు (బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే అమరికలు), ఇంజిన్‌తో పాటు మూడు వ్యాగన్లు పట్టే షంటింగ్ నెక్ (ఇంజిన్ ముందుకూ వెనక్కూ కదలడానికి వాడే పట్టా) ఒకటి, అంతే. మొత్తం ఎనిమిది వ్యాగన్లుంటాయి. చీటీలు తీసి, పేరు వచ్చిన ఐదు వ్యాగన్లను వచ్చిన వరుసలోనే పొడవైన సైడింగ్‌లో నిలబెట్టడమే ఆట. ప్లైవుడ్ మీద కార్క్ పరిచి పట్టాలు బిగించాను. బ్యాలస్ట్, అంటే పట్టాల మధ్య పోసే కంకర, ఇంకా పోయలేదు.

చిక్కు ఇంజిన్ దగ్గర వచ్చింది. అది నాలుగు చక్రాల చిన్న డీజిల్ షంటర్. డీసీసీ (పట్టా ద్వారానే డిజిటల్ ఆదేశాలు పంపి ఇంజిన్‌ను నడిపే పద్ధతి) డీకోడర్, అంటే ఆ ఆదేశాలు అందుకుని మోటారును నడిపే చిన్న సర్క్యూట్, తయారీలోనే అమర్చి వచ్చింది. కాస్త వేగంగా నడిపితే యార్డంతా చక్కగా తిరుగుతుంది. కానీ షంటింగ్ నెమ్మదిగా జరిగితేనే చూడటానికి బాగుంటుంది కదా. అసలు ఇంజిన్ యార్డులో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో కదులుతుందనుకుంటే మన స్కేలులో అది సెకనుకు సుమారు 3.2 సెంటీమీటర్లవుతుంది. ఆ వేగానికి తగ్గించగానే ఇంజిన్ పాయింట్ల మీద ఆగిపోతుంది, వేలితో కొద్దిగా నెడితే మళ్లీ కదులుతుంది. ఒక్కోసారి మామూలు పట్టా మీద కూడా క్షణకాలం తటపటాయించి ముందుకు పోతుంది. ఆరు ఇరుసుల పెద్ద డీజిల్ ఇంజిన్ మాత్రం ఇదే పట్టా మీద, ఇదే వేగంలో ఎక్కడా ఆగదు.

పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. కొంతసేపు బాగున్నట్లే ఉండి మళ్లీ మొదటికి వస్తోంది. పాయింట్లు ప్లాస్టిక్ ఫ్రాగ్ (రెండు దారుల లోపలి పట్టాలు కలిసే చోటు) ఉన్న రకానివి. విద్యుత్తు షంటింగ్ నెక్ చివర జోడించిన రెండు వైర్ల ద్వారానే వస్తుంది, అక్కడి నుంచి మిగతా పట్టాలన్నిటికీ ఫిష్‌ప్లేట్లే (పట్టా ముక్కలను కలిపే లోహపు అతుకులే) ఆధారం. బ్యాలస్ట్ పోసి జిగురు పట్టించాక దేన్నీ కదిలించలేను కాబట్టి, లోపం ఎక్కడుందో ముందే తేల్చుకోవాలనుకుంటున్నాను. పాయింట్లు మార్చకుండా ఇది బాగయ్యే అవకాశం ఉందా?

ఆవిరిబండి:

చిన్నయార్డు గారూ, ఏదైనా విప్పే ముందు రెండు సంగతులు గమనించి చెప్పండి. ఇంజిన్ ఆగిన క్షణంలో దాని దీపం ఆరిపోతోందా, వెలుగుతూనే ఉందా? అదే క్షణంలో కంట్రోలర్ షార్ట్ సర్క్యూట్ హెచ్చరిక ఇస్తోందా? దీపం ఆరిపోయి, కంట్రోలర్ మామూలుగానే ఉంటే చక్రాలకు విద్యుత్తు అందడం లేదని అర్థం. దీపం వెలుగుతూ మోటారు మాత్రం తిరగకపోతే గేర్లలోనో డీకోడర్ అమరికలోనో వెతకాలి. కంట్రోలరే ఒక్కసారి ఆగి తేరుకుంటుంటే అది విద్యుత్తు అందకపోవడం కాదు, దానికి పూర్తిగా విరుద్ధమైన షార్ట్. ప్లాస్టిక్ ఫ్రాగ్ పాయింట్లలో ఫ్రాగ్ కొన దగ్గర రెండు వేర్వేరు ధ్రువాల పట్టాలు బాగా దగ్గరగా వస్తాయి. వెడల్పాటి లోహపు చక్రం అక్కడ రెండింటినీ ఒకేసారి తాకితే షార్ట్ అవుతుంది. ఆ కొన మీద గోళ్ల రంగు పలచగా పూస్తే సరిపోతుంది. ఈ మూడింటికీ మందు వేర్వేరు, కానీ పైకి కనిపించే లక్షణం మాత్రం ఒకటే కావడంతో చాలామంది ముందుగా పట్టాలు తుడవడానికే పూనుకుంటారు.

మీ వర్ణనను బట్టి ఇది మొదటి రకమే అనిపిస్తోంది. మీ ఇంజిన్‌కు ఒక్కో పట్టా మీద రెండేసి చక్రాలే ఉన్నాయి. ఫ్రాగ్ వైపు ఒక చక్రం ప్లాస్టిక్ మీదికి ఎక్కగానే ఆ పట్టా నుంచి విద్యుత్తు తెచ్చే బాధ్యత మిగిలిన ఒక్క చక్రం మీద పడుతుంది. ఆ చక్రం కూడా వెంట్రుకవాసి పైకి లేచినా, దాని కింద కాస్త మురికి ఉన్నా ఇంజిన్ ఆగిపోతుంది. చవకైన చిన్న ఇంజిన్లలో చాలావాటికి ఇరుసులు కదలని ఫ్రేములో బిగించి ఉంటాయి. నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేల మీద మూడు కాళ్లతోనే నిలబడినట్లు, అలాంటి ఇంజిన్ కూడా ఎక్కువసేపు మూడు చక్రాల మీదే నడుస్తుంది. ఆరు ఇరుసుల ఇంజిన్‌లో ఒక్కో పట్టాకు ఆరేసి చక్రాలుంటాయి, పైగా అవి రెండు కదిలే బోగీలలో ఉంటాయి కనుక ఒకటి రెండు చక్రాలు విఫలమైనా దానికి తెలియనే తెలియదు.

వేగం పెంచితే లోపం ఎందుకు కనిపించదో లెక్క వేస్తే తెలుస్తుంది. విద్యుత్తు లేని భాగం 15 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. అసలు బండి గంటకు 60 కిలోమీటర్ల వేగానికి సమానంగా, అంటే మన స్కేలులో సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో నడిపితే, ఆ భాగాన్ని దాటడానికి సెకనులో పన్నెండో వంతు కూడా పట్టదు. మోటారు ఊపే ఇంజిన్‌ను దాటిస్తుంది. మీరు నడిపే షంటింగ్ వేగంలో అదే భాగానికి దాదాపు అర సెకను పడుతుంది. అంతసేపు చిన్న ఇంజిన్‌ను నడిపించగల ఊపు దానిలో ఉండదు, మోటారు ఊపును నిలిపే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్, లేకపోతే అసలే ఉండదు.

ఇంజిన్‌ను ఒక అద్దం పలక మీద నిలబెట్టి, నాలుగు మూలలా ఒక్కో వేలితో మెల్లగా నొక్కి చూడండి. అటూ ఇటూ ఊగితే ఇరుసులు ఒకే సమతలంలో లేవని అర్థం. అలాగే ప్రతి చక్రం వెనుక ఉండే పలచని రాగి రేకు, అంటే విద్యుత్తును అందుకునే పికప్, చక్రాన్ని నిజంగా తాకుతోందా, చక్రం అటూ ఇటూ జరిగినప్పుడు వదిలేస్తోందా అన్నది దీపం వెలుతురులో కింది నుంచి చూడండి.

టంకంకడ్డీ:

ఆవిరిబండి గారు ఇంజిన్ వైపు నుంచి చెప్పారు, నేను బల్ల వైపు నుంచి చెబుతాను. మీ ప్రశ్నలో నన్ను ఆపిన వాక్యం ఒక్కటే: విద్యుత్తు ఒకే చోట ఇచ్చి మిగతాదంతా ఫిష్‌ప్లేట్లకు వదిలేశారన్నది. ఫిష్‌ప్లేట్ పని రెండు పట్టాలను ఒకే వరుసలో నిలపడం. కొత్తగా ఉన్నప్పుడు అది విద్యుత్తును కూడా బాగానే దాటిస్తుంది. తర్వాత గాలిలోని తేమకు దాని లోపలి అంచు మసకబారి, అతుకు కొద్దికొద్దిగా వదులవుతుంది. మీరు బ్యాలస్ట్ పోసి నీళ్లు కలిపిన జిగురు చుక్కలు వేసిన రోజున ఆ జిగురు ఫిష్‌ప్లేట్ లోపలికి పాకి, ఎండి, అక్కడే ఉండిపోతుంది. ఇప్పుడు అప్పుడప్పుడు తటపటాయించే ఇంజిన్ ఆ తర్వాత ఏ సైడింగ్‌లోనూ నమ్మకంగా నడవదు.

కాబట్టి బల్ల కింద రెండు లావు వైర్లు చివరి నుంచి చివరి దాకా లాగండి. మీ యార్డు పొడవుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ధారాళంగా సరిపోతుంది. ప్రతి పట్టా ముక్క నుంచి ఒక సన్నని ఫీడర్ వైరును కిందికి దించి ఈ లావు వైరుకు కలపండి. ఫీడర్ కురచగా ఉన్నంతవరకు సన్నగా ఉన్నా నష్టం లేదు. సోల్డరింగ్ పట్టా బయటి పక్కన చేస్తే చక్రాల అంచులకు అడ్డు రాదు, బ్యాలస్ట్ పోసి రంగు వేశాక కంటికి కనిపించదు. కొందరు ఫిష్‌ప్లేట్లన్నిటినీ సోల్డర్ చేసేస్తారు. నేను ఆ పని చేయవద్దంటాను. నికెల్ సిల్వర్ పట్టా మీటరు పొడవుకు 20 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాలో మిల్లీమీటరులో మూడో వంతు దాకా సాగుతుంది. దాని కింద చెక్క కూడా తేమకు తన ఇష్టం వచ్చినట్లు కదులుతుంది. అక్కడక్కడ సన్నని సందు మిగల్చకపోతే పట్టా పక్కకు వంగుతుంది.

ఇక పాయింట్ల సంగతి. పాయింట్‌లో కదిలే టంగ్ రైలుకు విద్యుత్తు ఎక్కడి నుంచి వస్తోందో ఎప్పుడైనా చూశారా? చాలా రకాల్లో అది పక్కనున్న స్టాక్ రైలును, అంటే కదలని బయటి పట్టాను, తాకడం వల్లనే వస్తుంది. ఆ తాకే చోటు ఆవగింజంత ఉంటుంది. అక్కడ దుమ్ము చేరినా, టంగ్ రైలు పూర్తిగా ఆనకపోయినా, ఫ్రాగ్ దాకా ఉన్న పట్టా మొత్తం నిర్జీవమవుతుంది. మీరు ఫ్రాగ్ ప్లాస్టిక్‌ను నిందిస్తూ ఉంటారు, అసలు దోషం దానికి కొంచెం ముందున్న ఈ చిన్న స్పర్శ దగ్గర ఉంటుంది. మల్టీమీటర్‌ను వోల్టేజీకి పెట్టి, ఒక మొన బయటి పట్టా మీద, రెండోది ఫ్రాగ్‌కు ముందున్న లోపలి పట్టా మీద ఉంచి, పాయింట్‌ను అటూ ఇటూ మారుస్తూ చూడండి. డీసీసీ కాబట్టి మీటర్‌ను ఏసీలో పెట్టాలి. మామూలు మీటర్ చూపే అంకె కచ్చితంగా ఉండకపోవచ్చు, కానీ విద్యుత్తు ఉందా లేదా తెలుసుకోవడానికి అది చాలు. ఆ పట్టాకు కింది నుంచి నేరుగా ఒక వైరు ఇవ్వగల నిర్మాణం మీ పాయింట్‌లో ఉంటే ఇచ్చేయండి. అయితే దాని ధ్రువం పాయింట్‌తో పాటు మారే రకమా, స్థిరంగా ఉండే రకమా అన్నది తయారీదారు ఇచ్చిన పటంలో చూసుకున్న తర్వాతే.

అన్నీ అయ్యాక ఒక నాణెం తీసుకుని పట్టాల మీద అడ్డంగా పెట్టండి. కంట్రోలర్ వెంటనే షార్ట్ గుర్తించి ఆపేయాలి. ప్రతి సైడింగ్ చివరా, ప్రతి పాయింట్ తర్వాతా ఇలా చేయండి. ఎక్కడైనా నాణెం పెట్టినా కంట్రోలర్ పట్టించుకోలేదంటే అక్కడికి వెళ్లే వైరింగ్ బలహీనంగా ఉందన్నమాట. అలాంటిచోట నాణేన్ని క్షణం కూడా ఉంచకండి, వేడెక్కి ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి.

నిదానం:

ఆల్కహాల్‌తో తుడిచాక కాసేపు బాగుండి మళ్లీ మొదటికి వచ్చిందన్నారు. అందులో కొంత సమాచారం ఉంది. శుభ్రత వల్ల తేడా వచ్చిందంటే మురికి పాత్ర ఉన్నట్టే, వెంటనే తిరిగి వచ్చిందంటే ఆ మురికి మీరు తుడవని చోటు నుంచి వస్తున్నట్టు. ఆ చోటు దాదాపు ఎప్పుడూ చక్రాలే. పట్టా తుడిచి, మురికి చక్రాలతో ఉన్న ఎనిమిది వ్యాగన్లను దాని మీదికి తోస్తే అవి తమ నలుపును మళ్లీ పట్టాకు అంటిస్తాయి. మీ వ్యాగన్లకు ప్లాస్టిక్ చక్రాలుంటే ముందు వాటిని లోహపు చక్రాలతో మార్చండి. ప్లాస్టిక్ చక్రాల నడిచే అంచు మీద నల్లని పొర ఎంత త్వరగా పేరుకుంటుందో గోరుతో గీకి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇంజిన్ చక్రాలను శుభ్రం చేయడానికి విప్పనక్కరలేదు. ఆల్కహాల్‌తో తడిపిన కాగితపు రుమాలును పట్టాల మీద అడ్డంగా పరిచి, ఇంజిన్‌లో ఒక ఇరుసు కాగితం మీద, ఇంకొకటి పట్టా మీద ఉండేలా నిలబెట్టి, చేత్తో పట్టుకుని నడపండి. కాగితం మీద రెండు నల్లని చారలు వస్తాయి. తర్వాత ఇంజిన్‌ను తిప్పి రెండో ఇరుసుకూ అలాగే చేయండి. చారలు రావడం మానేసేదాకా కాగితం జరుపుతూ ఉండాలి. ఇరుసులలో ఒకదానికి రబ్బరు టైరు తొడిగి ఉంటే ఇంకో సంగతి చూసుకోవాలి: ఆ చక్రం పట్టు కోసమే, విద్యుత్తు తేలేదు. నాలుగు చక్రాల ఇంజిన్‌లో రెండింటికి టైర్లుంటే మిగిలేది ఒక్కో పట్టాకు ఒక్క చక్రమే. ఆవిరిబండి గారి లెక్క అప్పుడు ఇంకా కఠినమవుతుంది. టైరు లేని ఇరుసును విడిభాగంగా కొనగలిగితే మార్చేయండి. చదునైన యార్డులో మూడు నాలుగు వ్యాగన్లు లాగడానికి రబ్బరు అవసరం లేదు.

పట్టాలు తుడిచే ద్రవం విషయంలో అభిప్రాయభేదాలున్నాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ధ్రువశీల ద్రావకం. అలాంటివి వాడిన పట్టా త్వరగా నల్లబడుతుందనీ, మినరల్ స్పిరిట్స్ వంటి ధ్రువరహిత ద్రావకంతో చివరి తుడుపు ఇస్తే శుభ్రత ఎక్కువకాలం నిలుస్తుందనీ చాలామంది హాబీదారులు ఇప్పుడు చెబుతున్నారు. చక్రానికీ పట్టాకూ మధ్య పుట్టే సూక్ష్మమైన నిప్పురవ్వల వల్ల లోహం ఆక్సీకరణ చెందడం, ఆ ఆక్సైడు నూనెతోనూ దుమ్ముతోనూ కలిసి పేరుకోవడం ఈ నలుపుకు కారణమని వారి వివరణ. నా అనుభవం కూడా ఆ పక్షానికే మొగ్గుతుంది. ఏ ద్రవమైనా పొడి బట్టతో పూర్తిగా తుడిచి, ఆవిరి పోయేదాకా ఆగి, ఆ తర్వాతే విద్యుత్తు పెట్టండి. రెండూ మండే ద్రవాలే, కిటికీ తెరిచి పెట్టుకుని పని చేయండి.

గరుకు కాగితం మాత్రం పట్టా దగ్గరికి తేకండి. అది మిగిల్చే గీతల్లో మురికి మరింత బాగా కూర్చుంటుంది.

పాతపట్టా:

నిదానం గారి చివరి మాటతో పూర్తిగా ఏకీభవించలేను. గరుకు కాగితం వద్దన్నది సరే, కానీ ఇత్తడి పట్టా ఉన్నవారు సన్నని గరుకున్న రబ్బరు దిమ్మ వాడక తప్పదు. ఇత్తడి మీద పేరుకునే ఆక్సైడు విద్యుత్తును అడ్డుకుంటుంది, ద్రావకంతో అది పోదు. చిన్నయార్డు గారిది నికెల్ సిల్వర్ పట్టా అయితే ఈ గొడవ లేదు.

ఇంకొక మాట కూడా అనాలని ఉంది. ఒకే ఇంజిన్ తిరిగే ఈ పథకానికి డీసీసీ దేనికి? ఫ్రాగ్‌లో విద్యుత్తు ఉండే పాయింట్లు రెండు పెట్టుకుని మామూలు డీసీ కంట్రోలర్ జోడిస్తే, షంటింగ్ నెక్ దగ్గర ఇచ్చే రెండు వైర్లతోనే పని మొత్తం జరిగిపోతుంది. పాయింట్ ఎటు మళ్లి ఉంటే ఆ సైడింగ్‌కే విద్యుత్తు వెళ్తుంది.

టంకంకడ్డీ:

వైర్ల లెక్క వరకు పాతపట్టా గారి మాట నిజమే. అయితే నెమ్మది నడకలో డీసీకి ఒక బలహీనత ఉంది. డీసీలో వేగం తగ్గించడమంటే పట్టాలోని వోల్టేజీనే తగ్గించడం. రెండు మూడు వోల్టుల దగ్గర కొంచెం మురికి కూడా గోడలా నిలబడుతుంది. హెచ్‌ఓ డీసీసీలో ఇంజిన్ పాకుతున్నా, నిలబడి ఉన్నా పట్టాలో ఎప్పుడూ 14 నుంచి 16 వోల్టుల దాకా ఉంటుంది. మోటారుకు ఎంత ఇవ్వాలన్నది డీకోడర్ చూసుకుంటుంది. పల్స్ పద్ధతిలో పనిచేసే మంచి డీసీ కంట్రోలర్లు ఈ తేడాను చాలావరకు పూడుస్తాయని ఒప్పుకుంటాను.

సీవీచదువరి:

డీకోడర్ గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. దీన్ని ఆఖరుగానే చదవండి. వైరింగ్, చక్రాలు సరిచేయకుండా సీవీలు (డీకోడర్ అమరికలను నిర్ణయించే విలువలు) మార్చడం వల్ల ప్రయోజనం లేదు.

సీవీ అంకెలలో ముఖ్యమైనవాటిని అమెరికా మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ ప్రమాణాలు నిర్ణయించాయి కాబట్టి ఏ తయారీదారు డీకోడర్ అయినా ఇవి ఒకటే. మొదటి వేగపు మెట్టులో మోటారుకు ఇచ్చే వోల్టేజీ సీవీ 2, వేగం పుంజుకునే తీరు సీవీ 3, తగ్గే తీరు సీవీ 4, గరిష్ఠ వేగం సీవీ 5. షంటర్‌కు గరిష్ఠ వేగం ఎక్కువ ఉండనక్కరలేదు. సీవీ 5ను బాగా తగ్గిస్తే కంట్రోలర్ మీద నాబ్ తిప్పే దూరమంతా నెమ్మది వేగాలకే దక్కుతుంది, చేతికి అదుపు వస్తుంది. అయితే సీవీ 5 సున్నా అయినా, ఒకటి అయినా చాలా డీకోడర్లు దాన్ని పరిమితి లేనట్లుగా తీసుకుంటాయి కాబట్టి అంత కిందికి వెళ్లకండి. కంట్రోలర్‌ను 128 వేగపు మెట్ల పద్ధతిలో పెట్టుకోండి. సీవీ 2ను ఒక్కొక్కటిగా పెంచుతూ, మొదటి మెట్టులో ఇంజిన్ కదలడం మొదలుపెట్టే చోట ఆపండి.

ఇంత చేసినా ఫ్రాగ్ మీద ఆగుతుంటే కీప్ అలైవ్ అనే కెపాసిటర్ అమరిక ఉంది. పట్టా నుంచి విద్యుత్తు తెగిన కొద్దిసేపు అది డీకోడర్‌కు నిల్వ ఉంచిన విద్యుత్తును ఇస్తుంది. మీకు కావలసింది అర సెకనే కదా, చిన్న కెపాసిటర్ కూడా దాన్ని దాటిస్తుంది. ముందు మీ డీకోడర్ దాన్ని అంగీకరిస్తుందో లేదో చూసుకోండి. అది పెట్టిన ఇంజిన్ సీవీలను ప్రోగ్రామింగ్ ట్రాక్ (సీవీలు చదివి మార్చడానికి వాడే విడి పట్టా) మీద చదవడం కొన్నిసార్లు కుదరదు, కాబట్టి సీవీలన్నీ ముందే సరిచేసుకోండి. సీవీ 29లో డీసీ మీద నడిచే అవకాశాన్ని కూడా ఆపేయండి. ఆ అవకాశం తెరిచి ఉంటే, డీసీసీ సంకేతం తెగి కెపాసిటర్ విద్యుత్తు మాత్రమే అందుతున్న క్షణంలో డీకోడర్ తాను డీసీ పట్టా మీద ఉన్నాననుకుని ఇంజిన్‌ను పూర్తి వేగంతో పరుగెత్తించవచ్చు. సైడింగ్ చివర బఫర్ స్టాప్ (బండిని ఆపే అడ్డు) ఉన్న మీలాంటి యార్డులో ఆ దృశ్యం ముచ్చటగా ఉండదు. సీవీ 29లో డీసీ అవకాశానికి కలిసే విలువ 4 కాబట్టి, అందులో ఇప్పుడు 6 ఉంటే 2గా మార్చాలి.

చిన్న ఇంజిన్ లోపల కెపాసిటర్‌కు చోటు లేకపోతే దాన్ని ఒక వ్యాగన్‌లో పెట్టి, ఆ వ్యాగన్ చక్రాలకు కూడా పికప్‌లు అమర్చి, సన్నని వైర్లతో ఇంజిన్‌కు శాశ్వతంగా కలిపేవారున్నారు. విద్యుత్ పరంగా అది చాలా మంచి మార్గం. కానీ ఇంగిల్‌నుక్‌లో అది ఆటనే చెడగొడుతుంది. షంటింగ్ నెక్ పొడవు ఇంజిన్‌కూ మూడు వ్యాగన్లకూ సరిగ్గా సరిపోయేలా ఉండాలి. ఒక వ్యాగన్ ఎప్పుడూ ఇంజిన్‌ను అంటిపెట్టుకుని ఉంటే పాయింట్ దాటి వెనక్కి తేగలిగేవి రెండే. ఆ మార్గం ఎంచుకుంటే నెక్‌ను ఒక వ్యాగన్ పొడవు పెంచండి. బల్ల ఇంకా ముడిగానే ఉంది కదా, పెంచడానికి ఇదే సమయం.

చిన్నయార్డు:

ఇంత ఓపికగా వివరించిన అందరికీ కృతజ్ఞతలు. చెప్పిన పరీక్షలన్నీ చేశాను. ఇంజిన్ ఆగిన ప్రతిసారీ దీపం ఆరిపోతోంది, కంట్రోలర్ మాత్రం చలించడం లేదు. అద్దం పలక మీద ఇంజిన్ కొద్దిగా ఊగుతోంది. ఒక చక్రం వెనుక ఉన్న రాగి రేకు చక్రానికి తగలకుండా దూరంగా వంగి ఉంది. దాన్ని సన్నని పట్టకారుతో సరిచేశాను. రబ్బరు టైర్లు లేవు. కాగితపు రుమాలు మీద మాత్రం నేను ఊహించనంత నల్లని చారలు వచ్చాయి.

మల్టీమీటర్ చెప్పిందే నన్ను ఆశ్చర్యపరిచింది. షంటింగ్ నెక్‌కు దగ్గరగా ఉన్న మొదటి పాయింట్ బాగానే ఉంది. రెండో పాయింట్‌లో తిన్నని దారికి మార్చినప్పుడు టంగ్ రైలుకు విద్యుత్తు ఒకసారి వస్తోంది, ఒకసారి రావడం లేదు. టంకంకడ్డీ గారు చెప్పిన ఆవగింజంత స్పర్శ అదే. ఫీడర్ వైర్లు వేయడం మొదలుపెట్టాను. మామూలు పట్టా మీద తటపటాయింపు పూర్తిగా పోయింది, మొదటి పాయింట్ మీద కూడా ఇప్పుడు ఆగడం లేదు.

రెండో పాయింట్‌ను తీసివేసి, లోహపు ఫ్రాగ్ ఉన్నదాన్ని పెట్టాలని నిశ్చయించుకున్నాను. దాన్ని మోటారుతో కాకుండా బల్ల అంచు నుంచి కడ్డీ లాగి చేత్తో మార్చాలని ఉంది. అలాంటప్పుడు ఫ్రాగ్ ధ్రువం మార్చడం ఎలా? అది మళ్లే దిక్కు కుడివైపు.

టంకంకడ్డీ:

చేత్తో మార్చే పాయింట్‌కు మూడు కాళ్ల స్లైడ్ స్విచ్‌కు మించినది లేదు. స్విచ్‌ను బల్ల అంచు దగ్గర బిగించి, దాని పిడికి రంధ్రం చేసి, పాయింట్‌ను లాగే కడ్డీని ఆ రంధ్రం గుండా పోనివ్వండి. అప్పుడు మీరు జరిపేది స్విచ్‌నే అయినా పాయింటూ ధ్రువమూ కలిసి మారతాయి. స్విచ్ మధ్య కాలును ఫ్రాగ్‌కు, చివరి కాళ్లు రెండింటినీ బల్ల కింది రెండు లావు వైర్లకు కలపండి. కుడికి మళ్లే పాయింట్‌లో టంగ్ రైళ్ల వైపు నుంచి చూసినప్పుడు, తిన్నని దారికి ఫ్రాగ్ కుడి పట్టా ధ్రువంలో ఉండాలి, మళ్లింపు దారికి ఎడమ పట్టా ధ్రువంలో ఉండాలి. తారుమారైతే ఇంజిన్ ఫ్రాగ్ ఎక్కగానే షార్ట్ అవుతుంది, చివరి కాళ్ల వైర్లు రెండూ మార్చి పెడితే సరిపోతుంది.

ఫ్రాగ్ నుంచి సైడింగుల వైపు వెళ్లే లోపలి పట్టాలు రెండింటికీ లోహపు ఫిష్‌ప్లేట్లు వద్దు, ప్లాస్టిక్‌వి వేయండి. వాటి అవతల ఉన్న ప్రతి పట్టాకూ సొంత ఫీడర్ ఇవ్వండి. స్విచ్ జరిగే దూరం పాయింట్ జరిగే దూరం కంటే సాధారణంగా ఎక్కువ ఉంటుంది కాబట్టి కడ్డీని బిర్రుగా బిగిస్తే టంగ్ రైలు వంగిపోతుంది; మధ్యలో ఒమేగా ఆకారంలో చిన్న వంపు పెడితే అది స్ప్రింగులా సర్దుకుంటుంది.

ఆవిరిబండి:

ఒక అలవాటు కూడా మార్చుకోవాల్సి ఉంటుంది. ప్లాస్టిక్ ఫ్రాగ్ ఉన్నప్పుడు, సైడింగ్ వైపు నుంచి వస్తూ పాయింట్ తప్పుడు దారికి ఉందని గమనించకపోయినా ఇంజిన్ ఎలాగో దూరి వచ్చేస్తుంది. లోహపు ఫ్రాగ్‌తో అలా వస్తే షార్ట్ అయి యార్డు మొత్తం ఆగిపోతుంది. అసలు యార్డులో కూడా పాయింట్ చూడకుండా బండి కదపరు కనుక నాకైతే ఇది లోపంగా తోచలేదు.

ఇంజిన్ ఊగుతోందన్నారు కదా, ఫ్రేమును మాత్రం వంచే ప్రయత్నం చేయకండి. చాలా ఇంజిన్లలో ఇరుసు పైన ఉండే గాడిలో కొంచెం ఆట ఉంటుంది. కింది మూత విప్పి, గాడిలో ఎండిపోయిన గ్రీజు గానీ, అచ్చు పోసినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ అంచు గానీ ఉందేమో చూసి, శుభ్రం చేసి, ఇరుసు తేలిగ్గా పైకీ కిందికీ కదిలేలా చేయండి. నూనె సూది మొనతో ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే అది చక్రాల మీదికి, అక్కడి నుంచి మీరు తుడిచిన పట్టా మీదికి వస్తుంది.

చిన్నయార్డు:

కింది మూత విప్పాను, ముందు ఇరుసు గాడిలో గ్రీజు గట్టిపడి ఉంది. శుభ్రం చేశాక అద్దం మీద ఊగడం దాదాపుగా తగ్గింది. కొత్త పాయింట్ బిగించి, స్విచ్ కలిపి, ప్రతి సైడింగ్ చివరా నాణెం పరీక్ష పూర్తయ్యాకే బ్యాలస్ట్ పోస్తాను. కీప్ అలైవ్ గురించి అప్పుడే ఆలోచిస్తాను. షంటింగ్ నెక్‌ను మాత్రం సీవీచదువరి గారు చెప్పినట్లు ఒక వ్యాగన్ పొడవు ఇప్పుడే పెంచి ఉంచుతున్నాను. అవసరం లేకపోతే అక్కడ ఒక బఫర్ స్టాప్‌ను ముందుకు జరిపి పెట్టుకోవచ్చు.